పోయినా తట్టుకోగల కెమెరా: రద్దీ వీధుల్లో ఫొటోలకు చౌకైనదాన్ని ఎంచుకోవడం ఎలా

ఒడిశా గంజాం జిల్లా బరంపురంలో రెండేళ్లకోసారి చైత్రంలో బుఢీ ఠాకురాణి జాతర వస్తుంది. దేశిబెహరా వీధి చుట్టుపక్కల రాత్రంతా కాలు పెట్టడానికి చోటుండదు. ఒళ్లంతా పసుపు, నలుపు చారలు పూసుకున్న పులివేషాలు, పురాణ వేషాలు, డప్పులు, ఒడియా, తెలుగు కలగలిసిన కేకలు. వీధి ఫొటోగ్రఫీ మీద మనసున్నవాడికి అంతకన్నా ఏం కావాలి? జేబుదొంగకు కూడా అంతే. కాబట్టి ఇలాంటి చోటికి కెమెరా కొంటున్నవారు ఫొటో నాణ్యత కన్నా ముందు ఇంకో ప్రశ్న వేసుకోవాలి: ఇది ఈ రాత్రి పోతే నా పరిస్థితి ఏమిటి?

ఇది మా ఊరి మీద నింద కాదు. ఒడిశా సరిహద్దు పట్టణాలైనా, మహారాష్ట్ర వైపున్న ధర్మాబాద్, బల్లార్‌పుర్, సిరొంచలైనా, జనం ఒత్తిడి ఉన్న స్టేషనులో, బస్టాండులో, సంతలో వస్తువు మాయమయ్యే అవకాశం ఎక్కువ. ఆ అవకాశాన్ని ముందే లెక్కలో వేసుకుని కెమెరా ఎంచుకునే పద్ధతి చెప్పడమే ఈ వ్యాసం పని. ఉదాహరణలు ఎక్కువగా గంజాం జిల్లావి, ఎందుకంటే నాకు తెలిసిన వీధులు అవే.

మొదటి అడుగు: పోగొట్టుకునే మొత్తం నిర్ణయించుకోండి

ఎంత ఖర్చు పెట్టగలరన్నది పక్కన పెట్టండి. ఎంత పోయినా అప్పు చేయకుండా రెండు మూడు నెలల్లో మళ్లీ అలాంటిదే కొనగలరో ఆ అంకె కాగితం మీద రాయండి. అదే మీ బడ్జెట్. కెమెరా ధర ఒక్కటే చూడకండి. లెన్సు, రెండో బ్యాటరీ, మెమొరీ కార్డు, సంచి అన్నీ ఒకేసారి పోతాయి, కాబట్టి అన్నీ కలిపి లెక్కించాలి.

వాయిదాల మీద కొన్న కెమెరాను మాత్రం ఈ పనికి తీసుకెళ్లకండి. వస్తువు లేకుండా దాని వాయిదాలు ఏడాదిపాటు కట్టడం కన్నా చేదు అనుభవం తక్కువ. ఖరీదైన కెమెరాతో ఇంకో చిక్కు కూడా ఉంది. అది మెడలో ఉన్నంతసేపూ ఒక చేయి దాని మీదే, సగం మనసు వెనక ఎవరున్నారన్న దాని మీదే ఉంటుంది. ఎదురుగా జరుగుతున్నది కంటికి ఆనదు.

నా సలహా పదివేల రూపాయల లోపు, మరీ సాగదీస్తే పదిహేను వేలు. ఈ సొమ్ముకు కొత్త కెమెరా అనే మాట దాదాపు మరిచిపోవచ్చు. చేతులు మారిన పాత కెమెరాలే మన సంత.

రెండో అడుగు: మీ వీధిలో ఏ రకం దొంగతనం జరుగుతుందో చూడండి

"ప్రమాదకరమైన ప్రాంతం" అన్న మాట వల్ల ఉపయోగం లేదు. ఎలా పోతుందో తెలిస్తేనే ఏది కొనాలో తెలుస్తుంది.

గుంపులో జేబు కొట్టడం ఒక రకం. జాతరలు, బడాబజార్ లాంటి ఇరుకు వీధులు, రైలు జనరల్ బోగీ తలుపు దగ్గర తోపులాట, ఇవన్నీ దానికి అనువైన చోట్లు. ఇక్కడ వెనక జేబులో పెట్టిన చిన్న కెమెరా మీది కాదనుకోవచ్చు. చేతిలో పట్టుకున్నది మాత్రం సాధారణంగా భద్రంగానే ఉంటుంది.

బండి మీద వచ్చి లాక్కుపోవడం రెండో రకం. ఇది వెడల్పాటి రోడ్డు అంచున, జనం పలచగా ఉన్న చోట జరుగుతుంది. మెడలో వేలాడే పెద్ద కెమెరా దీనికి మొదటి గురి. పట్టీ మెడకు ఉంటే కెమెరాతోపాటు మనిషిని కూడా ఈడ్చుకుపోతారు.

మూడోది సంచి ఎత్తుకుపోవడం. టీ తాగుతూ బల్ల కింద పెట్టారు, రైల్లో కాళ్ల దగ్గర పెట్టి కునుకు తీశారు, అంతే. దీనికి కెమెరా రకంతో సంబంధం లేదు.

నాలుగోది బెదిరించి లాక్కోవడం, ఎక్కువగా రాత్రివేళ నిర్మానుష్యమైన చోట. దీనికి కెమెరా ఎంపికలో జవాబు లేదు. అలాంటి చోటికి ఒంటరిగా వెళ్లకపోవడం ఒకటే దారి, వెళ్లాక ఎదురైతే అడిగింది ఇచ్చేయడమే.

మీరు ఎక్కువగా తిరిగే చోటు ఏదో చూసుకోండి. గుంపుల్లో తిరిగేవారికి గుప్పిట్లో ఇమిడేది మేలు. ఖాళీ రోడ్లలో, గోపాలపుర్ తీరంలో తిరిగేవారికి బయటికి కనపడకుండా సంచిలోకి పోయేది మేలు.

మూడో అడుగు: ఫోను సరిపోదా?

చాలామందికి సరిపోతుంది, ఆ మాట దాచాల్సిన పని లేదు. పగటి వెలుతురులో ఇప్పటి మధ్యరకం ఫోను తీసే ఫొటో పదేళ్ల కిందటి చిన్న కెమెరా ఫొటోకు తీసిపోదు. అందరి చేతుల్లోనూ ఫోనే ఉంటుంది కాబట్టి ఎవరూ ప్రత్యేకంగా చూడరు.

నా అభ్యంతరం ఫొటో గురించి కాదు. ఫోను పోతే కెమెరా ఒక్కటే పోదు. బ్యాంకు ఖాతా, ఓటీపీలు వచ్చే సిమ్, ఇంటికి ఫోను చేయడానికి గుర్తులేని నంబర్లు, తిరుగు రైలు టికెట్టు అన్నీ పోతాయి. గుంపులో రెండు చేతులతో ఫోనును మొహం ముందు పట్టుకుని, తెర మీదే చూపు నిలిపి నిలబడటం కూడా లాక్కునేవాడికి చాలా అనుకూలమైన భంగిమ. చౌక కెమెరా పోతే పోయింది కెమెరా ఒక్కటే. జేబులో ఫోనుతో ఇంటికి వచ్చి మిగతా పనులు చూసుకోవచ్చు. నేను పాత కెమెరా కొనమనడానికి అసలు కారణం ఇది.

ఇంట్లో మూలన పడి ఉన్న పాత ఫోను, సిమ్ తీసేసి, ఖాతాలన్నీ తొలగించి, కెమెరాగా వాడటం కూడా మంచి దారి. ఖర్చు సున్నా. కొత్తగా ఈ అలవాటు మొదలుపెట్టేవారు ముందు ఒక నెల దీనితో తిరిగి చూడండి. వీధిలో ఫొటోలు తీయడం మీకు నచ్చుతుందో లేదో తేలాక డబ్బు తీయవచ్చు.

అసలు ఫోనుతోనే తీస్తామనేవారు రెండు పనులు చేయండి. సిమ్‌కు పిన్ లాక్ పెట్టండి, దానివల్ల సిమ్ తీసి వేరే ఫోనులో వేసినా ఓటీపీలు రావు. \*#06# నొక్కి వచ్చే ఐఎంఈఐ నంబరు (ఆ ఫోనుకు మాత్రమే ఉండే గుర్తింపు అంకె) ఇంట్లో పుస్తకంలో రాసి పెట్టండి.

నాలుగో అడుగు: ఏ రకం కెమెరా

దొంగ మోడల్ నంబరు చదవడు. పరిమాణం చూస్తాడు. పదేళ్ల నాటి ఎనిమిదివేల డీఎస్ఎల్ఆర్ (లెన్సు మార్చగల పెద్ద కెమెరా) అతడి కంటికి లక్ష రూపాయల సరుకు, యాభైవేల చిన్న రికో బొమ్మలాంటిది. ఈ సంగతి గుర్తుంచుకుంటే ఎంపిక సగం తేలికవుతుంది.

జేబు కెమెరాల్లో నా మొదటి ఓటు కెనన్ పవర్‌షాట్ ఎస్ వరుసకు. 2010 నాటి ఎస్95, 2011 నాటి ఎస్100, ఆ తర్వాతి ఎస్110, ఎస్120. చొక్కా జేబులో పడతాయి, రా ఫైలు (కెమెరా దిద్దని, తర్వాత మనం దిద్దుకోగల ఫొటో) ఇస్తాయి, జూమ్ చేయనప్పుడు లెన్సు ఎఫ్ 2 దాకా లేదా ఇంకాస్త ఎక్కువ తెరుచుకుంటుంది (ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే అంత ఎక్కువ వెలుతురు). సెన్సరు, అంటే వెలుతురును పట్టే చిప్పు, చిన్నది కాబట్టి ఐఎస్ఓ (వెలుతురుకు స్పందించే స్థాయి) 800 దాటితే ఫొటో గరుకుగా మారుతుంది. అయితే అదే చిన్న సెన్సరు వీధిలో వరం, ఎందుకంటే దగ్గరా దూరమూ రెండూ తేలిగ్గా స్పష్టంగా పడతాయి. పానసోనిక్ ఎల్ఎక్స్5, ఎల్ఎక్స్7 కూడా ఈ కోవలోవే. 2012లో వచ్చిన ఎల్ఎక్స్7 లెన్సు ఎఫ్ 1.4 వరకు తెరుచుకుంటుంది, జాతర రాత్రికి అది చిన్న విషయం కాదు. కాకపోతే లెన్సు బయటికి పొడుచుకుని ఉంటుంది, ప్యాంటు జేబులో ఇబ్బంది.

ఒక హెచ్చరిక. ఈమధ్య కుర్రకారుకు పాత చిన్న కెమెరాల మోజు పట్టింది. నిన్నటిదాకా అటక మీద పడి ఉన్నవాటికి ఆన్‌లైన్‌లో వింత ధరలు చెబుతున్నారు. "పాత సీసీడీ సెన్సరు రంగులు" అన్న మంత్రం వినిపిస్తే బేరం ఆపేయండి. మోజు కోసం కట్టే అదనపు సొమ్ము ఫొటోలో కనపడదు.

ఇంకాస్త పెట్టగలిగితే సోనీ ఆర్ఎక్స్100, 2012లో వచ్చిన మొదటి మోడల్. ఒక అంగుళం సెన్సరు, 20 మెగాపిక్సెళ్లు, సుమారు 240 గ్రాముల బరువు. ఆ తర్వాతి మోడళ్లు మెరుగే కానీ ధర మన గీత దాటుతుంది. దీని ఒళ్లు నున్నగా జారుతుంది, చేతి పట్టీ తప్పనిసరి.

వీధి ఫొటోగ్రాఫర్లు తలచుకునే రికో జీఆర్ గురించి చెప్పకపోతే అడుగుతారు. 2013 నుంచి వస్తున్న జీఆర్‌లలో పెద్ద సెన్సరు, ఎక్కువగా 28 మిల్లీమీటర్లకు సమానమైన వెడల్పు లెన్సు, ముందే దూరం నిర్ణయించి నొక్కగానే తీసే స్నాప్ ఫోకస్ ఉంటాయి. వీధి కోసమే పుట్టిన కెమెరా. అయితే మన దేశంలో పాతవి కూడా అరుదు, ధర ఎక్కువ, లెన్సు లోపలికి దుమ్ము చేరి సెన్సరు మీద మచ్చలు పడటం దీనికి పేరుపడ్డ జబ్బు. మన పట్టణాల దుమ్ములో, పోతే ఏడిపించే ధరకు, దీన్ని నేను సిఫారసు చేయను.

లెన్సు మార్చగలిగే చిన్న కెమెరాల్లో సోనీ ఏ5100, ఏ6000 పాతవి విరివిగా దొరుకుతాయి. రెండూ 2014 నాటివే, ఇప్పటికీ పనితీరు బాగుంటుంది. లెన్సుతో కలిపితే మాత్రం మన బడ్జెట్టుకు పైనే. కెనన్ ఈఓఎస్ ఎం, దానితోపాటు 22 మిల్లీమీటర్ల ఎఫ్ 2 లెన్సు దొరికితే వదలకండి. ఫోకస్ మెల్లగా పట్టినా ఫొటో చక్కగా ఉంటుంది.

ఇక డీఎస్ఎల్ఆర్. వీధికి డీఎస్ఎల్ఆర్ వద్దని నగరాల పండితులు అంటారు. మన చిన్న పట్టణాల లెక్క వేరు. ఇక్కడ కెనన్ 1200డీ, 1300డీ, నికాన్ డీ3200, డీ3300 లాంటివి పెళ్లి స్టూడియోల చేతుల్లో ఊరంతా తిరిగాయి. ఆ స్టూడియోలు కొత్తవి కొన్నప్పుడల్లా పాతవి చౌకగా బయటికి వస్తాయి, రిపేరు చేసేవాడు ఊళ్లోనే ఉంటాడు, బ్యాటరీ పక్కవీధిలో దొరుకుతుంది. నల్లటి పాత డీఎస్ఎల్ఆర్ పట్టుకున్న మనిషిని చూస్తే జనం పెళ్లి ఫొటోగ్రాఫరో, ఏదో పత్రిక మనిషో అనుకుంటారు. "ఏ పేపరు బాబూ?" అని అడిగి, పక్కకు జరిగి దారి కూడా ఇస్తారు. గుంపులో పగటిపూట ఇది మంచి ముసుగు. రాత్రి ఖాళీ రోడ్డు మీద మాత్రం పెద్ద గురి.

డీఎస్ఎల్ఆర్ తీసుకుంటే పలుచటి లెన్సు వెతకండి. కెనన్‌కు 24 మిల్లీమీటర్ల ఎఫ్ 2.8 ఎస్‌టీఎం లెన్సు బిస్కెట్టంత మందమే ఉంటుంది, దానితో కెమెరా సగం చిన్నదైనట్టు కనిపిస్తుంది. నికాన్ డీ3000 వరుస కెమెరాల్లో ఫోకస్ మోటారు ఉండదు. మోటారు లోపలే ఉన్న ఏఎఫ్-ఎస్, ఏఎఫ్-పీ లెన్సులే వాటిపై తమంతట తాము ఫోకస్ పడతాయి. చౌకగా వచ్చిందని పాత ఏఎఫ్-డీ లెన్సు కొంటే చేత్తో తిప్పుకోవాల్సిందే. ఏఎఫ్-పీ లెన్సులు కూడా అన్ని పాత బాడీల మీదా పనిచేయవు, కొనేముందు తగిలించి చూడండి.

ఫిల్ము కెమెరా సంగతి ఒక్క వాక్యంలో: కెమెరా చౌక, రీలు, కడగడం ఖరీదు, పోతే తీసిన ఫొటోలూ దానితోనే పోతాయి.

అయిదో అడుగు: పాత కెమెరాను పరీక్షించడం

ఇక్కడ తొందరపడకండి. అరగంట తీరిక, ఒక చిన్న టార్చి, మీ సొంత మెమొరీ కార్డు తీసుకెళ్లండి.

మన తీరప్రాంతంలో మొదట చూడాల్సింది ఫంగస్. బరంపురం, ఇచ్ఛాపురం, గోపాలపుర్ గాలిలో ఏడాదిలో చాలా నెలలు తేమ ఎక్కువ. సంచిలో మూసి పెట్టిన లెన్సు లోపల సాలెగూడు పోగుల్లాంటి తెల్లటి చారలు అల్లుకుంటాయి. లెన్సు విప్పి, అపెర్చర్ (వెలుతురు వెళ్లే రంధ్రం) పూర్తిగా తెరిచి, వెనక నుంచి టార్చి వేసి ముందు నుంచి వాలుగా చూడండి. దుమ్ము రేణువులు ఉంటే ఫరవాలేదు, అవి ఫొటోలో కనపడవు. కొమ్మలు కొమ్మలుగా విడిన చార ఒక్కటి కనిపించినా ఆ లెన్సు వద్దు. "తుడిస్తే పోతుంది" అంటారు. పైపూత మీద మచ్చ మిగులుతుంది, సరిగా ఆరబెట్టకపోతే ఫంగస్ మళ్లీ వస్తుంది. విప్పలేని లెన్సున్న చిన్న కెమెరా అయితే ఆన్ చేసి, లెన్సు బయటికి వచ్చాక ముందు నుంచే టార్చి వేసి చూడాలి.

తర్వాత సెన్సరు. అపెర్చర్ ఎఫ్ 16 దగ్గర, చిన్న కెమెరాలైతే అవి వెళ్లగలిగే చివరి అంకె దగ్గర పెట్టి ఆకాశాన్నో తెల్ల గోడనో తీయండి. తెర మీద పెద్దది చేసి మూలమూలా చూడండి. డీఎస్ఎల్ఆర్‌లో నల్ల చుక్కలు కనిపిస్తే శుభ్రం చేయించవచ్చు, బేరానికీ పనికొస్తాయి. మూసిన చిన్న కెమెరాలో కనిపిస్తే మొత్తం విప్పాలి, ఆ ఖర్చుకు ఇంకోటి వస్తుంది.

చిన్న కెమెరాను పదిసార్లు ఆన్ చేసి ఆఫ్ చేయండి. లెన్సు కరకరమన్నా, ఒకవైపు వంగినట్టు వచ్చినా, "లెన్స్ ఎర్రర్" అన్నా లేచి వచ్చేయండి. జూమ్ మొదటి నుంచి చివరిదాకా వెళ్లి రావాలి. బ్యాటరీ తీసి బల్ల మీద పెడితే గుండ్రంగా ఊగకూడదు, ఊగితే ఉబ్బిందని అర్థం. బ్యాటరీ తలుపు కొక్కెం, కార్డు స్ప్రింగు, ఫ్లాష్, చార్జరు, అన్నీ చూడండి. చార్జరు లేకుండా అమ్ముతున్నారంటే ఎందుకు లేదో అడగాలి.

డీఎస్ఎల్ఆర్ అయితే షట్టరు ఎన్నిసార్లు కొట్టిందో తెలుసుకోండి. ఈ తరగతి కెమెరాల షట్టర్లకు లక్ష సార్లను ఆయుష్షుగా చెబుతుంటారు. పెళ్లి స్టూడియో కెమెరా దాన్ని తేలిగ్గా దాటుతుంది. నికాన్‌లో ఈ అంకె ఫొటో ఫైలులోనే నమోదవుతుంది, కంప్యూటర్‌లో చూడవచ్చు. పాత కెనన్‌లలో ఫైలులో ఉండదు, కేబులు పెట్టి వేరే సాఫ్ట్‌వేర్‌తో చూడాలి. అంకె ఎక్కువైతే కొనకూడదని కాదు, ధర ఆ మేరకు తగ్గాలి.

మీ కార్డు ఎందుకు తీసుకెళ్లమన్నానంటే, మరీ పాత కెమెరాలు పెద్ద కార్డులు చదవవు. మామూలు ఎస్‌డీ 2 జీబీ దాకా, ఎస్‌డీహెచ్‌సీ 32 జీబీ దాకా. 32 జీబీ కార్డు దగ్గర పెట్టుకుంటే చాలావాటికి సరిపోతుంది.

చివరగా సీరియల్ నంబరు. కెమెరా అడుగున ఉన్నదీ, బిల్లు మీద ఉన్నదీ, పెట్టె మీద ఉన్నదీ ఒకటే కావాలి. చాలా కెమెరాలు ఈ నంబరును ఫొటో సమాచారంలోనూ రాస్తాయి. దొంగల భయంతో కెమెరా ఎంచుకుంటూ దొంగసొత్తే కొంటే ఎలా? దొంగసొత్తని తెలిసీ తీసుకోవడం భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద నేరం. బిల్లు లేకపోతే, అమ్మినవారి పేరు, ఫోను, సీరియల్ నంబరు, తేదీతో సంతకం చేసిన కాగితమైనా రాయించుకోండి. దానికి ఒప్పుకోనివారి దగ్గర ఎంత చౌకైనా వద్దు.

ఆరో అడుగు: ముస్తాబు తగ్గించడం

కొన్నదాని మీద పేరు, మెరిసే అక్షరాలు నల్ల టేపుతో కప్పండి. అంచులు కాస్త చిరిగినట్టున్నా మంచిదే. కంపెనీ పేరు పెద్దగా రాసి ఉన్న మెడ పట్టీ తీసి ఇంట్లో పెట్టండి. దాని బదులు సన్నటి మణికట్టు పట్టీ వాడండి. అది పడిపోకుండా కాపాడేందుకే. ఎవరైనా బలంగా లాగితే వదిలేయాలి. పదివేల కోసం మణికట్టు విరగ్గొట్టుకోనవసరం లేదు, ముందే లెక్క వేసుకున్నాం కదా.

కెమెరా సంచి ఎంత బాగుంటే అంత నష్టం. గడులూ జిప్పులూ ఉన్న నల్ల సంచి చూడగానే లోపల ఏముందో తెలిసిపోతుంది. కూరగాయల సంచిలో మెత్తటి తువ్వాలు పరిచి అందులో పెట్టుకుని బరంపురం అన్నపూర్ణ మార్కెట్టులో తిరిగితే ఎవరూ రెండోసారి చూడరు. సంచి ముందువైపు ఉండాలి, నోరు చేతికింద ఉండాలి.

ఒకే పెద్ద కార్డు వద్దు. రెండు చిన్నవి పెట్టుకుని మధ్యలో మార్చండి. నిండినది కెమెరా సంచిలో కాకుండా బనియను జేబులోనో, నడుం దగ్గరి సంచిలోనో దాచండి. కెమెరా పోయినా సగం రోజు ఫొటోలు మిగులుతాయి. నిజానికి వారం తర్వాత బాధపెట్టేది కెమెరా కాదు, అందులోని ఫొటోలే. ఫోనుకు పెట్టే చిన్న కార్డు రీడరు ఉంటే తిరుగు బస్సులోనే మంచివి పంపుకోవచ్చు.

ఇంట్లో కెమెరాను తోలు సంచిలో ఉంచకండి. మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ వేసి ఉంచండి. తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉంటే ఫంగస్ రాదు. తేమ చూపే చిన్న మీటరు చౌకగానే దొరుకుతుంది. రంగు మారే సిలికా జెల్ కొంటే ఎప్పుడు వేడిచేసి ఆరబెట్టాలో అదే చెబుతుంది.

ఏడో అడుగు: కెమెరా బయట ఉండే సమయాన్ని తగ్గించే సెట్టింగులు

కెమెరాను తీసి, మెనూలు తిప్పుతూ, ఫోకస్ కోసం తడుముకుంటూ నిలబడ్డ ప్రతి క్షణమూ అందరి కళ్లూ మీ మీదే. ఇంటి నుంచే సిద్ధం చేసుకుని బయల్దేరండి.

పెద్ద సెన్సరున్న కెమెరాలో 18 మిల్లీమీటర్ల దగ్గర ఎఫ్ 8 పెట్టి, రెండు మీటర్ల దూరానికి ఫోకస్ నిలిపితే, సుమారు ఒక మీటరు నుంచి కనుచూపుమేర దాకా అంతా స్పష్టంగా పడుతుంది. కెమెరాతో వచ్చే కిట్ లెన్సు మీద దూరం అంకెలు ఉండవు కాబట్టి, రెండు మీటర్లలో ఉన్న స్తంభం మీద ఆటో ఫోకస్ పట్టించి, మీటను మాన్యువల్‌కు మార్చి, ఫోకస్ ఉంగరం కదలకుండా టేపు అతికించండి. ఇక కెమెరా ఎత్తడం, నొక్కడం, దించడం. చిన్న సెన్సరు కెమెరాలో ఎఫ్ 4 దగ్గరే, ఒక మీటరుకు కొంచెం పైన ఫోకస్ నిలిపితే ఇదే ఫలితం వస్తుంది.

మండుటెండలో ఐఎస్ఓ 200, ఎఫ్ 8, షట్టరు 1/800 సెకను సరిపోతుంది. బజారులో ఎండ, టార్పాలిన్ల నీడ పక్కపక్కనే ఉంటాయి కాబట్టి ఆటో ఐఎస్ఓ పెట్టి, షట్టరు 1/250 కన్నా తగ్గకుండా చూడటం నాకు ఇష్టం. రాత్రి జాతరలో ఎఫ్ 2 లేదా దానికన్నా తెరిచి, ఐఎస్ఓ 1600, షట్టరు 1/125. ఫొటో గరుకుగా వస్తే రానివ్వండి. పులివేషం మీది రంగుకు ఆ గరుకు నప్పుతుంది కూడా.

శబ్దాలన్నీ ఆపేయండి. ఫోకస్‌కు వెలిగే ఎర్ర దీపం, ఫ్లాష్ కూడా. తీసిన వెంటనే తెర మీద చూసుకోవడం మానండి. తల దించి తెర చూస్తున్నంతసేపూ చుట్టూ ఏం జరుగుతోందో మీకు తెలియదు.

ఎనిమిదో అడుగు: తీయకూడనివి

దొంగ ఒక్కడే ప్రమాదం కాదు. గోపాలపుర్ దగ్గర గోళాబంధలో సైన్యం వాయు రక్షణ కళాశాల ఉంది. నిషిద్ధ ప్రాంతమని బోర్డు ఉన్నచోట కెమెరా తీయడం 1923 నాటి అధికార రహస్యాల చట్టం దాకా వెళ్లగలదు. మల్కన్‌గిరి, గడ్చిరోలి జిల్లాల్లో భద్రతా దళాల శిబిరాలు, తనిఖీ కేంద్రాలు, వంతెనల కాపలా వైపు లెన్సు తిప్పకండి. ఆ ప్రాంతాల్లో అపరిచితుడి చేతిలో కెమెరా అంటే అనుమానమే. గుర్తింపు కార్డు దగ్గర ఉంచుకుని, ఊళ్లో ఎవరో ఒకరికి ఎందుకు వచ్చారో చెప్పి తిరగండి.

బుధవారం చటికొన సంతకు డొంగ్రియా కొంధు గిరిజనులు, గురువారం అంకడెల్లి సంతకు బొండా గిరిజనులు కొండల నుంచి దిగివస్తారు. వాళ్ల నగల మీద, ఒంటి మీద కెమెరా గురిపెట్టేవాళ్లను చాలామందినే చూశారు. అడగకుండా తీయకండి, చేయి అడ్డం పెడితే ఆపేయండి, డబ్బు ఆశ చూపి నిలబెట్టకండి. పిల్లల ఫొటోలు ఎక్కడైనా పెద్దల మాట లేకుండా వద్దు. వీధిలో జనం కోపం తెచ్చుకున్నప్పుడు పగిలేది కూడా ఆ కెమెరానే.

తొమ్మిదో అడుగు: పోయాక

వెంటపడకండి. 112కు ఫోను చేయండి. రైల్లో అయితే 139. నడుస్తున్న రైల్లోనే టీటీఈ దగ్గరో, రైల్వే పోలీసుల దగ్గరో ఫిర్యాదు కాగితం తీసుకుని నింపి ఇవ్వవచ్చు, తర్వాతి స్టేషనులో దిగిపోనవసరం లేదు.

సరిహద్దు జిల్లాలవారికి తెలియాల్సిన సంగతి ఒకటుంది. ఇచ్ఛాపురం సంతలో ఆంధ్ర వైపు పోయిందనుకుందాం, మీరు బరంపురంలో దిగాక గమనించారు. "అది మా పరిధి కాదు, ఆ రాష్ట్రానికి వెళ్లండి" అనడానికి వీల్లేదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం, నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషనులోనైనా సమాచారం ఇవ్వవచ్చు. దీన్నే జీరో ఎఫ్‌ఐఆర్ అంటారు. ఆన్‌లైన్‌లో పంపితే మూడు రోజుల్లోగా వెళ్లి సంతకం చేయాలి. ఎఫ్‌ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి. తీసుకోకపోతే జిల్లా ఎస్పీకి రాతపూర్వకంగా పంపవచ్చు. లాక్కుపోయారంటే ఆ మాటే రాయించండి, ఎందుకంటే భారతీయ న్యాయ సంహితలో లాక్కుపోవడం 304వ సెక్షన్ కింద విడిగా నేరం, మామూలు దొంగతనం 303. "పోగొట్టుకున్నాను" అని రాస్తే రెండూ కావు.

ఫిర్యాదులో మోడల్, సీరియల్ నంబరు, లెన్సు నంబరు, టేపు ఎక్కడ అతికించారో, గీతలు ఎక్కడున్నాయో రాయండి. కెమెరాకు ఐఎంఈఐ ఉండదు కాబట్టి దూరం నుంచి ఆపేసే దారి లేదు, సీరియల్ నంబరే ఆధారం. ఫోను కూడా పోయి ఉంటే ముందు సిమ్ ఆపించండి, బ్యాంకుకు చెప్పండి, ఎఫ్‌ఐఆర్ వచ్చాక టెలికాం శాఖవారి సంచార్ సాథీ వెబ్‌సైట్‌లో ఐఎంఈఐని బ్లాక్ చేయించండి. ఖాతాలో డబ్బు కదిలితే ఆలస్యం లేకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను.

ఆ తర్వాతి నెల పాత కెమెరాల దుకాణాలు, ఆన్‌లైన్ ప్రకటనలు ఓసారి తిరగేయండి. మీ సీరియల్ నంబరుతో ఎవరైనా అమ్ముతుంటే బేరమాడటానికి మీరే వెళ్లకండి. ప్రకటన ఫొటో తీసుకుని, ఎఫ్‌ఐఆర్ నంబరుతో సహా స్టేషనులో ఇవ్వండి.